పోయిన పట్టాపైననే వచ్చిన బండి

బంజారా కొండలలో నివసింతునని చెప్పినయెడల మా పల్నాటివారు నన్ను లక్షాధికారి యని తలంతురు. ఆ భ్రమను మొదటనే తొలగించుట మేలు. కొండలకు శిఖరములే గాక వాలులు కూడ నుండును. బంజారా కొండలును, జూబిలీ కొండలును, ఫిల్మునగరమును ఒండొంటితో గలిసికొను చోట మేడల వెనుక ఇఱుకు బస్తీలు గలవు. మేడలలో వంటచేయువారును, కారులు నడుపువారును, తోటలకు నీరుపెట్టువారును, సినిమా స్టూడియోలలో దీపములు మోయువారును వానిలో కాపురముందురు. వారి నడుమ ఒక యింటి వెనుకటి భాగమున రెండు గదులు అద్దెకు గొని నేనును కాపురమున్నాను. వారి బిడ్డలకు తెలుగును సంస్కృతమును బోధించుట నా వృత్తి. ఇంగ్లీషు ఉపాధ్యాయుడు సెలవు పెట్టిన దినములలో అదియు నా పాలబడును. నాకిప్పుడు నలువది యేడేండ్లు. ఇప్పుడు చెప్పబోవు సంగతి 2019వ సంవత్సరమున జరిగినది. దానిని చెప్పుకొనుటకు ఇన్నేండ్లు పట్టుటకు కారణము, అందులో నేను చేసిన పని చెప్పుకొనదగినది గాకపోవుటయే.

ఈ కొండల చరిత్రము మిక్కిలి పొడవైనది గాదు. బంజారాలు, అనగా మనము లంబాడీలని పిలుచువారు, ఒకప్పుడిచ్చట విడిసియుండుటచే ఈ పేరు గలిగెను. 1930 ప్రాంతముల నవాబు మెహదీ నవాజ్ జంగు ఈ రాతిగుండ్ల నడుమ ఇల్లు కట్టుకొనిన పిమ్మట నగరములోని శ్రీమంతుల చూపు ఇటు మరలెను. తరువాత అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణా స్టూడియోను నెలకొల్పిరి, మదరాసులో నుండిన తెలుగు సినిమా ఒక్కొక్క యడుగే ఇటు నడచివచ్చెను, ఫిల్మునగరమేర్పడెను. వచ్చినవారందఱును మోటారులపైననే వచ్చిరి గాని రైలు మాత్రము కొండనెక్కలేదు. వాడి నుండి సికింద్రాబాదునకు నిజాము రైలు 1874లో వచ్చెను. 1907లో నాంపల్లి స్టేషను వెలసెను. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. అను నగరపు విద్యుద్రైళ్లు బేగంపేట మీదుగా లింగంపల్లికి నడువజొచ్చెను. ఇవన్నియు కొండలను దూరమునుండియే చుట్టిపోయినవి. తుదకు 2019 మార్చి 20వ తేదీన అమీర్‌పేట నుండి హైటెక్ సిటీకి మెట్రోరైలు, వీధుల నడుమ స్తంభములెత్తి, మా తలలపైకి వచ్చెను.

కొండపైకి రైలు వచ్చుట నాకు వేఱొక విధమున నవ్వు పుట్టించెను. తర్కశాస్త్రమును కొంచెమైన చదివినవారికి కొండయు పొగయు చిన్ననాటి నేస్తములు. మన యాంధ్రుడే యైన అన్నంభట్టు పదునేడవ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహములో అనుమానమను భాగమంతయు ఆ కొండ చుట్టును తిరుగును. పొగయున్న చోట నిప్పుండుటను వంటయింట పలుమాఱులు చూచినవాడు, కొండపై పొగ చూచి యచ్చట నిప్పున్నదని నిశ్చయించును. దీనిని నేను అప్పటికి పదునాలుగేండ్లుగా పిల్లలకు జెప్పుచుంటిని. మా తరగతి కిటికీ నుండి నిజముగా కొండ కనబడును. అయినను ఒక్కమాఱైన ఆ కొండవైపు వ్రేలు చూపి యెఱుగను. పుస్తకములోని కొండయే నా కొండ. ఇప్పుడు నిజమైన కొండపై పఱుగెత్తు బండికి నిప్పున్నది గాని పొగ లేదు. పైతీగనుండి 25,000 వోల్టుల విద్యుత్తును గ్రహించి పోవు బండికి పొగ యెక్కడిది? పొగలేని నిప్పునకు మన పూర్వులు ఎఱ్ఱగా కాల్చిన యినుపగుండును చూపుచుండిరి; ఇకమీద మెట్రోబండిని చూపవచ్చునని ఏప్రిలు మొదటి వారమున తరగతిలో హాస్యమాడితిని. పిల్లలు నవ్విరి. ఒక బాలిక మాత్రము నవ్వక చేయెత్తెను.

ఆమె అప్పుడు తొమ్మిదవ తరగతి. తండ్రి సినిమాలలో లైటుమాన్. తెల్లవాఱకముందే జనరేటరు వ్యానుతో పోయి, ఏ రాత్రివేళనో యిల్లు చేరువాడు. తల్లి ఒక మేడలో అంట్లు తోమి బట్టలుతుకును. ఈ పిల్లకు రైళ్ల పిచ్చి యని తరగతిలో నందఱును ఎఱుగుదురు. ఆమె లేచి, “సార్, గా బండి పోయిన పట్టా మీదనే మళ్ల వాపస్ వస్తున్నది. రోజూ చూస్తున్న. ఒక బండి ఎడమ దిక్కు పోతది, ఎడమ దిక్కే వస్తది. ఇంకో బండి కుడి దిక్కు పోతది, కుడి దిక్కే వస్తది. గదెందుకో...” అని యేదియో చెప్పబోయెను.

రైళ్ల సంగతి తెలియనివారికి ఇందులో వింత యేమున్నదని తోపవచ్చును. మన దేశమున జంటదారులపై బండ్లు ఎడమదారిని పోవుట సామాన్యధర్మము. ఒక దారి పోవుటకు, ఒక దారి వచ్చుటకు. రెండుదారులున్న చోట ఒకే దారిపై బండి పోవుటయు వచ్చుటయు, వీధిలో కుడివైపున కారు నడిపినంత విపరీతము. ఈ పిల్ల తల్లితో పెద్దమ్మగుడికి పోవునపుడును, నీళ్లకు పోవునపుడును, వీధిప్రక్కన నిలిచి యీ విపరీతమును కనిపెట్టెను. వంతెన క్రింద నిలిచినవారికి పట్టాలు కనబడవు. బండి వంతెనపై నే ప్రక్కన నున్నదో మాత్రము కనబడును. బండి యెటు పోవుచున్నదో తెలియుటకు ముందు తెల్లదీపమును వెనుక ఎఱ్ఱదీపమును గుఱుతు. ఇంతమాత్రము సాధనములతో ఆమె ఒక నోటుపుస్తకమున వేళలు వ్రాసికొనుచుండెను.

తరగతిలో ఊహలు చెలరేగెను. ఒకడు ఒక దారి విఱిగినదనెను. ఇంకొకడు బండి నడుపువాడు క్రొత్తవాడనెను. మూడవవాడు, “షూటింగేమో సార్!” అనెను. దీనికి పిల్లలందఱు నవ్విరి గాని మా పేటలో ఇది నవ్వవలసిన మాట గాదు. ఇచ్చట పట్టపగలు వానకురిసిన, అది రబ్బరుగొట్టము నుండి వచ్చు వాన కావచ్చును. పోలీసులు పఱుగెత్తిన, వారు మధ్యాహ్నము భోజనపు పొట్లములకై వరుసలో నిలుచు పోలీసులు కావచ్చును. ఒకనాడు పెండ్లి ఊరేగింపును జూచి నేను దారియిచ్చి ప్రక్కకు దొలగి నిలిచితిని. వరుడు గుఱ్ఱము దిగి సిగరెట్టు ముట్టించిన పిమ్మట గాని నాకు సంగతి తెలియలేదు. కన్నులతో జూచినదానిని నమ్మరాదనుట మా పేటలో పసిపిల్లలకు కూడ దెలిసిన వేదాంతము. అట్టి పేటలో ఒక పిల్ల కన్నులతో జూచినదానిని నమ్మి, వేళలు వ్రాసి, కారణమడుగుచుండగా నేనేమి చేసితిని?

నేను గంభీరముగా, “రెండు దారులలో నొకటి ఇంకను పూర్తి కాలేదు. అందుచే ఒకదానిపైననే నడుపుచున్నారు” అంటిని. నాకు దీనిని గూర్చి యేమియు దెలియదు. తెలియదనుట నాకు చేతగాలేదు. ఆ పిల్ల వెంటనే, “కాదు సార్, రెండిటి మీద కూడ నడుస్తున్నయి” అనెను. ఎంత సూటియైన ఖండనము! రెండవ దారిపై కూడ బండి కనబడుచుండగా రెండవ దారి లేదనుట, వంటయింట కూర్చుండి పొయ్యి లేదనుట వంటిది. తర్కమున దీనిని బాధితమను హేత్వాభాస మందురు. ప్రత్యక్షముచేతనే కొట్టివేయబడినదన్న మాట. ఆ పేరును నేనే పిల్లలచే వల్లె వేయించియుంటిని. పేరు నోటికి వచ్చినవానికి కోపము కూడ వచ్చును గదా. “వచ్చే యేడు పదవ తరగతి. రోడ్డుమీద నిలిచి బండ్లు లెక్కించుటయా చదువు?” అని, పుస్తకమును దెప్పించి, నా బల్ల సొరుగులో వేసి తాళము పెట్టితిని. అంతటితో నాగలేదు. ఆ సాయంకాలము బస్తీ మొదట ఆమె తండ్రి కనబడగా, “మీ అమ్మాయి రోడ్డు ప్రక్కన ఒక్కతే నిలుచుచున్నది, కొంచెము చూచుకొనుము” అంటిని. ఆయన తల వంచి, “అట్లనే సారూ” అనెను.

ఆ మాట నేను మగపిల్లవానిని గుఱించి చెప్పియుందునా? చెప్పియుండను. పుస్తకము పట్టుకొని రైళ్లను వ్రాసికొను బాలుని చూచి, వీడు ఇంజనీరగునని మనము మురియుదుము. అదే పనిని బాలిక చేసిన, ఎవరికొఱకు నిలిచినదని మన మనసు మొదట నడుగును. స్త్రీవిద్యను గూర్చి సభలలో ఉపన్యసించినవాడను నేను. వీరేశలింగముగారి జయంతికి ఏటేట పద్యములు చదివినవాడను. నా నాలుక యంతయు వీరేశలింగముగారిది. నా చేయి మాత్రము నా తాతది.

రైళ్లను ఊరక చూచుటను నేను పిచ్చి యంటిని గాని, ఈ పిచ్చికి లోకమున పెద్ద వంశమే కలదు. ఇంగ్లండులో 1942వ సంవత్సరమున, బాంబులు పడుచున్న రోజులలో, ఇయాన్ అలన్ అను యువకుడు దక్షిణ రైలుకంపెనీ ఇంజనుల సంఖ్యల పట్టికను చిన్న పుస్తకముగా వేయగా, పిల్లలు దానిని కొని, చూచిన ఇంజనుకెల్ల ఒక గీత గీచికొనుచు స్టేషనుల చివర పూటలు గడపిరి. 1989లో అమెరికాలో చదువుకొనుచుండిన మన విద్యార్థులు కొందఱు భారతీయ రైళ్ల నభిమానించువారి సంఘమును స్థాపించిరి. ఇట్టివారు మన యూళ్లలోను గలరు. ఒక ఇంజను తనది గాని దారిలో కనబడిన వీరికి నిద్రపట్టదు. ఎందుకు వచ్చినది? ఎవరు పంపిరి? ఖాళీగా పోవుచున్నదా, పరీక్షకు పోవుచున్నదా? ఇట్లు పూర్వపక్షములును సిద్ధాంతములును నడచును. వీరికి దీనివలన కాసు రాదు. మన నైయాయికులకు మాత్రము కొండపై పొగవలన కాసు వచ్చెనా?

వేసవి సెలవులు గడచినవి. జూను నెలలో ఒక సాయంకాలము మాధాపురమున మిత్రునొకని జూచి, కొంత దూరము నడచి, హైటెక్ సిటీ స్టేషనులో తిరుగు బండికై నిలిచితిని. నేను వాడుక చొప్పున నొక ప్లాట్‌ఫారముపై నిలువగా, తరువాతి బండి అవతలి ప్లాట్‌ఫారముపై బయలుదేరునని తెలిసి మెట్లు దిగి మెట్లెక్కి పఱుగెత్తితిని. బండి కదలెను. దుర్గం చెఱువు దాటిన పిమ్మట ఎదురుబండి యొకటి నా ఎడమవైపు కిటికీ ప్రక్కగా రివ్వున పోయెను. ఏదియో తప్పినట్లు నా శరీరమునకు దోచెను గాని బుద్ధికి వెంటనే తోపలేదు. ఎడమదారిని పోవు బండికి ఎదురుబండి ఎల్లప్పుడును కుడివైపుననే పోవలెను. ఎడమవైపున పోయినదన్న, నేను కూర్చున్న బండి కుడిదారిపై నున్నదన్న మాట. “కుడి దిక్కు పోతది, కుడి దిక్కే వస్తది” అను మాట చెవిలో వినబడెను. చెక్‌పోస్టులో దిగి, ప్లాట్‌ఫారముపై నలువది నిమిషములు నిలిచి, నేను కూడ బండ్లను లెక్కించితిని. నా వంటి పెద్దమనిషి నిలిచినందుకు ఎవరును నా తండ్రికి చెప్పలేదు.

మఱునాడు గ్రంథాలయమున పాత పత్రికలు తిరుగవేయగా కారణము తెలిసినది. అది రహస్యము గాదు. దారి తెఱచిన మార్చి నెలలోనే అధికారులు ప్రకటించియుండిరి. సంపాదకీయము తప్ప వేఱు పుట తిప్పని నా వంటివానికే అది రహస్యము. సంగతి యిది. కొసస్టేషనునకు చేరిన బండి మరలి పోవలెనన్న ఎడమదారి నుండి కుడిదారికి మాఱవలెను. మెట్రోబండికి రెండు చివరలను నడుపుగది యుండుటచే ఇంజనును త్రిప్పవలసిన పనిలేదు. నడుపువాడు ఈ చివరనుండి ఆ చివరకు నడచిపోయిన జాలును. కాని పట్టా మాఱవలదా? అందులకు కొసస్టేషనునకు అవతల కొంతదూరము పట్టాలు వేసి, రెండు దారులను గలుపు అడ్డపట్టాల నమర్తురు. బండి జనమును దింపి, ఖాళీగా అవతలికి పోయి, దారి మాఱి, ఆవలి ప్లాట్‌ఫారమునకు వచ్చును. హైటెక్ సిటీకి అవతల రాయదుర్గమువైపు దారి అప్పుడింకను కట్టబడుచుండెను. మరలు తావు లేదు. అందుచే చెక్‌పోస్టు మొదలు హైటెక్ సిటీ వఱకు రెండు దారులను రెండు వేర్వేఱు ఒంటిదారులుగా భావించి నడపిరి. ఎడమదానిపై ఒక బండి పోయి దానిపైననే వచ్చును. కుడిదానిపై ఇంకొకటి పోయి దానిపైననే వచ్చును. చెక్‌పోస్టు కడ తమ తమ దారులకు మాఱును. దీనిని జంట ఒంటిదారుల పద్ధతి యందురు.

ఇందలి నష్టమును సులభముగా లెక్కింపవచ్చును. ఆ నడిమి దూరమును పోవుటకు పది నిమిషములు, వచ్చుటకు పది నిమిషములు అనుకొందము. బండి తిరిగివచ్చి దారి విడుచువఱకు రెండవ బండి ఆ దారిని ప్రవేశింపరాదు. ఒక్కొక్క దారిపై ఇరువది నిమిషముల కొక బండి. రెండు దారులపై కలిపి పది నిమిషముల కొకటి. అంతకంటె దగ్గరగా నడపుటకు ఎంతటి సంజ్ఞాయంత్రములున్నను వలను పడదు. రాజధానిలో, గణకయంత్రముల పేటకు పోవు నూతన విద్యుద్రైలు, పల్లెటూరి ఒంటిదారి రైలు నియమమునకు లోబడియుండెనన్న మాట.

పల్లెటూరి ఒంటిదారిని నేనెఱుగుదును. నా బాల్యమున గుంటూరు నుండి మాచర్లకు మీటరుగేజి బండి పోవుచుండెను. ఒంటిదారిపై రెండు బండ్లు ఎదురెదురుగా రాకుండ, స్టేషనులో ఒక యంత్రమునుండి ఉక్కుగుండు నొకదానిని దీసి, తోలుసంచిలో వేసి, ఆ సంచిని బెత్తపు వలయమునకు గట్టి, డ్రైవరు చేతికిత్తురు. ఆ గుండు చేతలేనిదే బండి ముందుకు పోరాదు; ఒక గుండు బయట నుండగా యంత్రము రెండవ గుండును విడువదు. ఒకనాడు పాయింట్సుమాను నా చేతికి ఆ వలయమునిచ్చి పట్టుకొమ్మనెను. నాకెనిమిదేండ్లు. ఆ తోలువాసన యిప్పటికిని నా ముక్కున నున్నది. ఆ వేసవియంతయు స్టేషను వేపచెట్టు క్రింద నేను చేసిన పని, వచ్చిన బండికి ఎన్ని పెట్టెలని బొగ్గుతో గోడపై గీతలు గీయుటయే. మా పంతులుగారు చూచి, చెవి మెలిపెట్టి, శబ్దమంజరి నప్పగింపుమనిరి. శబ్దమంజరి నాకు మేలే చేసినది. దానిపైననే నేడు నా బ్రదుకు. కాని ఆ చెవినొప్పిని మఱచి, పంతులుగారి చేతిని మాత్రము నేను తెచ్చుకొంటిని గాబోలు.

ఆ దినముననే బల్ల సొరుగు తెఱచి పుస్తకమును చదివితిని. ముప్పది పుటలు. తారీకు, వేళ, “ఎ” అని ఎడమకు, “కు” అని కుడికి. ప్రక్కన తెల్ల, ఎఱ్ఱ. వాన కురిసిన దినమున, “వాన, సరిగ కనపడలే” అని వ్రాసి ఆ వరుసను గొట్టివేసియుండెను. సందేహమైన సాక్ష్యమును తానే తొలగించుట యెవరు నేర్పిరో! తుదిపుటలో ఒక చిత్రము. రెండు నిలువు గీతలు. ఒక చివర అడ్డగీతతో మూసివేయబడినవి. రెండవ చివర ఇంటూగుఱుతు. అడ్డగీత కడ “ఇక్కడ గోడ”, ఇంటూగుఱుతు కడ “ఇక్కడ కత్తెర” అని యుండెను. ఇంజనీర్లును అట్టి పట్టాల కూడలిని కత్తెర యనియే వ్యవహరింతురని పిమ్మట తెలిసికొంటిని. క్రింద రెండు పంక్తులు: “హైటెక్ సిటీ అవతల పట్టా లేనట్టుంది. మా గల్లీల నీళ్ల ట్యాంకర్ లెక్క. లోపలికొస్తే తిరగనీకి జాగ లేదు, వచ్చిన తొవ్వనే వాపస్ పోవాలె.”

ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము. వంటయిల్లు లేదు, పొగ లేదు. ఉన్నది మా బస్తీలో మూసుకొనిపోయిన సందు, దినము విడిచి దినము వచ్చు నీళ్ల ట్యాంకరు. ఆ ట్యాంకరు వెనుకకు పోవునపుడు అరచు అరపును నేనేండ్ల తరబడి వినుచున్నాను. ఆ పుటపై తారీకు, నేను పుస్తకమును లాగికొనిన దినమునకు ముందటిది. అనగా ఆ పిల్ల చేయెత్తినది తెలియక గాదు. తనకు దెలిసినది చెప్పి, సరియేనాయని యడుగుటకు. నేను వాక్యమును ముగియనీయలేదు.

జూనులో ఆమె పదవ తరగతికి వచ్చెను గాని నా తరగతిలో చేయెత్తుట లేదు. అడిగిన దానికి పుస్తకములో నున్న మాటలతో సమాధానము చెప్పి కూర్చుండుచుండెను. ఆమె బాగుపడినదని నేను సంతోషించియుంటినని చెప్పుకొనుటకు నాకిప్పుడు సిగ్గగుచున్నది.

ఆదివారము వాండ్ల యింటికి పోయితిని. ఒకటే గది. తండ్రి షూటింగు లేక యింట నుండెను. నన్ను జూచి కంగారుపడి మంచముపై దుప్పటి సవరించెను. పిల్ల ఏమి తప్పు చేసినదో యని తల్లి ముఖము చిన్నదయ్యెను. వాండ్ల మాటలలో తెలిసినదేమనగా, ఏప్రిలు మొదలు ఆ పిల్లను బడికి తప్ప వీధిలోనికి పంపలేదు. రెండు నెలల సెలవులు ఆ గదిలోననే. పెద్దమ్మగుడికి కూడ తల్లి యొక్కతియే పోయివచ్చుచుండెను. “మీరు చెప్పినంక మేం ఊకుంటమా సారూ” అని తండ్రి మర్యాదగా అనెను. నేను చెప్పిన యొక్క మాట రెండు నిమిషముల పని. అది వాండ్లకు శాసనమయ్యెను.

నేను పుస్తకమును పిల్ల చేతికిచ్చి, “అమ్మా, నీవు వ్రాసినది సరియైనది. నేను చెప్పినది తప్పు. నాకు దెలియక దెలిసినట్లు చెప్పితిని” అంటిని. తండ్రి, “అయ్యో, గట్లెందుకంటరు సారూ” అని లేచి నిలుచుండెను. పిల్ల మాత్రము నా ముఖము చూడలేదు. పుస్తకమును దెఱచి, పుటలేవైన చినిగినవాయని మొదటినుండి తుదివఱకు చూచుకొనెను. చినుగలేదని తెలిసికొని దానిని అలమరలో బట్టల క్రింద పెట్టెను. అంతియే. క్షమించితినని చెప్పలేదు, చెప్పవలసిన ఋణమును ఆమెకు లేదు.

నేను పత్రికలో చదివిన సంగతి తండ్రికి చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, “సెట్టు మీద లైటు అందరు చూస్తరు సారూ. కేబులు ఏడికెల్లొచ్చి ఏడికి పోయిందో నేను చూస్త. దీనికి గా బుద్ధే వచ్చినట్టుంది” అనెను. ఆ మాటలో గర్వమున్నదో, విచారమున్నదో నేను చెప్పలేను. తరువాత ఆయనయే, ఇంతవఱకు తాము ముగ్గురును ఆ బండి యెక్కలేదని చెప్పెను. మా తలలపై మూడు నెలలుగా బండి తిరుగుచుండగా, దాని నీడలో పనికి పోయివచ్చు ఆ తల్లి దానిని యెక్కుట యను నూహయే చేయలేదు.

తరువాతి ఆదివారము నలువురము పోయితిమి. టిక్కెట్లు తండ్రియే కొనెను, నన్ను కొననీయలేదు. చెక్‌పోస్టు దాటగానే పిల్ల కిటికీకి ముఖమానించి, “అమ్మా, ఇప్పుడు మనం కుడి దిక్కున్నం” అనెను. తల్లి రెండుచేతులతోను కమ్మిని పట్టుకొని, క్రింద తాను పనిచేయు మేడ కొఱకు వెదకుచుండెను. పైనుండి చూచిన అన్ని మేడలు నొక్కతీరుననే యున్నవనెను. దుర్గం చెఱువు కనబడినపుడు తండ్రి, అచ్చట తాను రాత్రి షూటింగులలో లైట్లు పట్టిన రాయి యిదియని చూపెను. హైటెక్ సిటీలో అందఱు దిగిరి. మేము నలువురము ప్లాట్‌ఫారముపై నిలిచి చూచితిమి. నడుపువాడు సంచి భుజమున వేసికొని ఈ కొసగది నుండి దిగి, మా ముందునుండియే నడచి, ఆ కొసగది నెక్కెను. ఎఱ్ఱదీపములు తెల్లవయ్యెను. “గంతేనా?” అని తల్లి అడిగెను. “గంతే” అని పిల్ల అనెను. ప్లాట్‌ఫారము చివర, పట్టాలు కొత్త కట్టడపు కంపలోనికి పోయి ఆగిన వైపు ఆమె చాలసేపు చూచెను.

తిరుగుదారిని ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగెను. ఏప్రిలు తరువాత అదియే మొదటిది. బండి ఆగునపుడు వినబడు కూతవంటి ధ్వని చక్రములదా, మోటారుదా యని. నాకు దెలియదంటిని. విద్యుద్బండి ఆగునపుడు మోటారే జనరేటరుగా మాఱి, విద్యుత్తును తీగకు తిరిగియిచ్చునని ఎక్కడనో చదివిన గుఱుతు కొంచెము చెప్పితిని. జనరేటరన్న మాట వినగానే తండ్రి మా వైపు దిరిగెను. చెక్‌పోస్టు వచ్చువఱకు వారిద్దఱే మాటలాడుకొనిరి. నాకు సగము దెలియలేదు.

కొన్ని నెలలకు మరలు తావు సిద్ధమై బండ్లు తమ తమ దారులను బట్టి నడువజొచ్చెను. విపరీతము పోయినది, చూచుటకు వింత యేమియు మిగులలేదు. ఆమె మాత్రము ఆ దినమును గూడ గుఱుతు వేసికొనెను. నవంబరు 29వ తేదీన దారి రాయదుర్గము వఱకు తెఱవబడెను. మఱునాడు బడిలో ఆమె ఆ పుస్తకమును నా బల్లపై దెఱచి పెట్టెను. తుదిపుటలోని చిత్రమున “ఇక్కడ గోడ” అను మాటను కొట్టివేసి, రెండు గీతలను కాగితపు అంచు దాక పొడిగించి, “రాయదుర్గం” అని వ్రాసియుండెను. దాని అవతల మఱల నొక చిన్న అడ్డగీత గీసి, ప్రక్కన ప్రశ్నార్థకము పెట్టియుండెను.